20 వేల దరిదాపుల్లో ఫోన్: కంపెనీ ఎక్కడ కోత పెట్టిందో ముందు అది చూడండి

15 వేల నుంచి 22 వేల మధ్య ఫోన్ కొనేవాళ్లు ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఈ ధరలో అన్నీ బాగున్న ఫోన్ ఉండదు. 60 వేల ఫోన్లో పెట్టినవన్నీ ఇందులోనూ పెడితే కంపెనీకి గిట్టదు, కాబట్టి ఎక్కడో ఒకచోట కోత పెట్టే తీరుతుంది. కెమెరా మీద ఖర్చు పెడితే స్టోరేజీలో మిగుల్చుకుంటుంది. స్క్రీన్ ధగధగలాడుతుంటే ప్రాసెసర్ పాతదై ఉండొచ్చు. అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తే చిన్న సెన్సార్ ఒకటి ఎగ్గొట్టి ఉంటారు, లేదా రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేస్తారు. ఆ కోత ఎక్కడ పడిందో కనుక్కుని, అది మన వాడకానికి తగులుతుందా లేదా అని తేల్చుకోవడమే అసలు పని. షోరూం గోడ మీది పోస్టర్లో ఉండేవి ఖర్చు పెట్టిన చోట్లు మాత్రమే. కోసిన చోట్లు మనమే వెతుక్కోవాలి.

తిరుపతి, చిత్తూరు వైపు వాడకానికి మరికొన్ని లెక్కలు తోడవుతాయి. మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, కొండదారిలో వచ్చిపోయే సిగ్నల్, పూల కొట్టు దగ్గర్నుంచి లాడ్జీ దాకా యూపీఐ, ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో చదువుకునే పేపరు, వాట్సాప్. రోజూ ఆరేడు గంటలు గేములాడేవాళ్ల లెక్క వేరు. ఇక్కడ చెప్పేది మిగతా అందరికీ.

అన్నిటికంటే ముందు స్టోరేజీ రకం అడగండి. ఎన్ని జీబీ అన్నది తర్వాత. ఈ ధరల్లో ఎక్కువగా రెండు రకాలు దొరుకుతాయి: ఈఎంఎంసీ 5.1, యూఎఫ్‌ఎస్ 2.2. మొదటిది సెకనుకు 250 నుంచి 300 ఎంబీ వరకు చదువుతుంది, రెండోది 900 ఎంబీ దరిదాపుల్లోకి వెళుతుంది. వేగం ఒక్కటే కాదు, ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్‌ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. ప్లేస్టోర్లో యాప్‌లు అప్‌డేట్ అవుతుంటే మీరు ఫోన్‌పే తెరిచారనుకోండి. ఈఎంఎంసీ ఫోన్ స్కానర్ తెరవడానికే తడబడుతుంది, వెనక జనం నిలబడి ఉంటారు. కొన్న కొత్తలో ఈ తేడా తెలియదు. స్టోరేజీ 80 శాతం నిండాక ఖాళీ బ్లాకులు తక్కువై, పాతవి సర్దుకుంటూ రాయాల్సి వస్తుంది. ఏడాదిన్నరకు ఫోన్ స్లో అయిపోయిందనే ఫిర్యాదులో చాలా భాగం ఇదే, ప్రాసెసర్ తప్పు కాదు. 15 వేలు దాటిన ఫోన్లో ఈఎంఎంసీ ఉంటే నా లెక్కలో అది అక్కడే పక్కకు పోతుంది. ఇంకో చిక్కు ఉంది: కొన్ని మోడళ్లలో 64 జీబీ రకానికి ఈఎంఎంసీ, 128 జీబీ రకానికి యూఎఫ్‌ఎస్ పెడతారు. పేరు ఒకటే, పెట్టె ఒకటే. కంపెనీ వెబ్‌సైట్లో స్పెసిఫికేషన్ల పేజీలో మీరు కొనబోయే రకానికే ఏముందో చూడండి. అక్కడ రాయకపోతే డెమో ఫోన్లో స్టోరేజీ వేగం కొలిచే ఆండ్రోబెంచ్ లాంటి యాప్ వేసి సీక్వెన్షియల్ రీడ్ (వరుసగా చదివే వేగం) అంకె చూస్తే చాలు, ఏ రకమో తెలిసిపోతుంది.

ర్యామ్ 6 జీబీకి తగ్గకూడదు, 8 ఉంటే హాయి. "8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ" అని చెప్తే ఆ రెండో 8ని లెక్కలోంచి తీసేయండి. అది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, ర్యామ్ వేగంలో చాలా చిన్న వంతే వస్తుంది. స్టోరేజీ ఈఎంఎంసీ అయితే దాన్ని ఆపేయడమే మేలు.

ర్యామ్‌ని ఇట్లా పరీక్షించండి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకుంటే చాలు. బ్రౌజర్లో పేర్లు, వయసు, ఆధార్ నంబర్లు నింపుతాం, ఓటీపీ కోసం మెసేజీల్లోకి వెళతాం, డబ్బు కట్టడానికి యూపీఐ యాప్‌లోకి వెళతాం, మళ్లీ బ్రౌజర్లోకి వస్తాం. ఆ వెనక్కి వచ్చినప్పుడు పేజీ ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ర్యామ్ చాలకపోయినా, ర్యామ్ ఉండి కూడా కంపెనీ సాఫ్ట్‌వేర్ బ్యాటరీ మిగల్చాలని వెనకున్న యాప్‌లను చంపేస్తున్నా, పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. నింపిందంతా పోతుంది. డెమో ఫోన్లో ఏదైనా ఫారం సగం నింపి వదిలి, కెమెరా తెరిచి ఒక ఫోటో తీసి, మ్యాప్స్ తెరిచి, యూట్యూబ్ ఒక నిమిషం చూసి, తిరిగి బ్రౌజర్‌కి రండి. ఫారం ఖాళీ అయిపోతే ఆ ఫోన్‌తో రోజూ ఇదే తంతు. కొన్నాక అయితే సెట్టింగ్స్‌లో బ్రౌజర్‌కీ యూపీఐ యాప్‌కీ బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేస్తే కొంత నయం. అన్నట్టు, వేగమైన ఫోన్ ఉంటే టికెట్ దొరుకుతుందని మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. అది సర్వర్ క్యూ, మన నెట్ మీద ఆధారపడే వ్యవహారం.

ప్రాసెసర్ల దగ్గర పేర్లు చూసి మోసపోవడం తేలిక. చిప్‌ల కంపెనీ మీడియాటెక్ తన 2021 నాటి డైమెన్సిటీ 810ని తర్వాత 6080 అని పిలిచింది, 1080ని 7050 అంది. అంకె పెరిగింది, లోపల ఉన్నది అదే. 6300 కూడా 810 లాగే 2 పెద్ద ఏ76 కోర్లు (పని చేసే భాగాలు), 6 చిన్న ఏ55 కోర్లతో 6 నానోమీటర్ల (తయారీ ఎంత సన్నమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ మేలు) మీద నడిచేదే. ఫోన్ కాల్స్, వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్‌కి అది సరిపోతుంది, కాదనను. కానీ ఆ చిప్ ఉన్న ఫోన్‌కి 18 వేలు అడిగితే ఇవ్వకండి. అదే డబ్బుకి కొంచెం అటూ ఇటూగా డైమెన్సిటీ 7300 ఉన్న ఫోన్లు దొరుకుతాయి. అందులో 4 పెద్ద ఏ78 కోర్లు, 4 నానోమీటర్ల తయారీ. నానోమీటర్ల తేడా మన ఊళ్లో ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే తక్కువ కరెంటు తాగే చిప్ తక్కువ వేడెక్కుతుంది. పోల్చుకునేటప్పుడు పెద్ద కోర్లు ఎన్ని, అవి ఏ రకం, ఎన్ని నానోమీటర్లు అన్న మూడూ చూస్తే చాలు. వేగానికి మార్కులేసే అన్‌టుటు యాప్ స్కోరు ఏసీ గదిలో కాసేపటి ముచ్చట.

ఎండ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చాలా ఫోన్ల మాన్యువల్లో వాడదగిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఏప్రిల్, మేలో ఆర్టీసీ బస్టాండ్ బయట నిలబడితే నీడలోనే అది దాటిపోతుంది. అప్పుడు ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి మూడు పనులు చేస్తుంది: ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది, స్క్రీన్ వెలుతురు దించేస్తుంది. మూడోదే ఎక్కువ ఇబ్బంది. పోస్టర్ మీద 3000 నిట్స్ (వెలుతురు కొలత) అని ఉంటుంది గానీ అది స్క్రీన్లో చిన్న ముక్క మీద, హెచ్‌డీఆర్ వీడియోలో, కొద్ది క్షణాలకు వచ్చే అంకె. మనకు కావలసింది ఎండలో స్క్రీన్ మొత్తానికి వచ్చే వెలుతురు, దాన్ని హై బ్రైట్‌నెస్ మోడ్ అని విడిగా రాస్తారు. అమోలెడ్ (ఒక్కో చుక్క తానే వెలిగే స్క్రీన్) అయితే అది 1000 నిట్స్ పైన ఉండాలి. 500, 600 నిట్స్ ఎల్‌సీడీ (వెనక లైటుతో వెలిగే స్క్రీన్) అయితే మధ్యాహ్నం క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక ఎంత కట్టామో కనిపించడానికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. పరీక్ష సులువు: మధ్యాహ్నం 12, 2 గంటల మధ్య షోరూంకి వెళ్లండి, ఆటో బ్రైట్‌నెస్ పెట్టి, డెమో ఫోన్‌ని గుమ్మం దాకా తెచ్చి ఎండలో ఐదు నిమిషాలు కెమెరా వీడియో నడపనివ్వమని అడగండి. స్క్రీన్ ఒక్కసారిగా మసకబారితే వేడిని బయటికి పంపే ఏర్పాటులో కోత పడిందన్నమాట. కొన్నాక ఇంట్లో, వేడెక్కితే ప్రాసెసర్ వేగం ఎంత తగ్గుతుందో చూపే సీపీయూ థ్రాట్లింగ్ టెస్ట్ యాప్ 15 నిమిషాలు నడిపితే గ్రాఫ్ వస్తుంది. మొదటి వేగంలో 80 శాతానికి పైన నిలబడితే బాగున్నట్టే.

చార్జింగ్ వేగం గురించి ఇంత హడావుడి అవసరం లేదని నా అభిప్రాయం. లిథియం అయాన్ బ్యాటరీని పాడుచేసేది వేడి, అందులోనూ నిండుగా ఉన్నప్పటి వేడి. 33 వాట్లు, 45 వాట్లు చాలు. పౌచ్ తీసి, ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టండి. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే వెసులుబాటు ఉంటే ఎండాకాలం అంతా దాన్ని ఆన్‌లో ఉంచండి. కారు డ్యాష్‌బోర్డు మీద మ్యాప్ పెట్టుకుని చార్జింగ్ పెట్టడం అన్నిటికంటే చెడ్డది, ఎండ, చార్జింగ్, జీపీఎస్ మూడింటి వేడీ ఒకేసారి తగులుతుంది. పెట్టెలో చార్జర్ ఉందో లేదో అడగండి. లేకపోతే ఆ ఖర్చు ఫోన్ ధరలో కలుపుకోవాలి. కంపెనీ సొంత పద్ధతి చార్జింగ్ అయితే బయట కొన్న చార్జర్‌తో ఆ వేగం రాదు.

కొండ దారిలో సిగ్నల్ బలహీనపడిన చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ ఎక్కువ పవర్‌తో ప్రసారం చేస్తుంది, అందుకే అలిపిరి మెట్లెక్కే రోజు బ్యాటరీ ఎప్పటికన్నా ముందే అయిపోతుంది. ఎక్కే ముందు నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 5జీ తీసి 4జీ పెట్టుకుంటే తేడా కనిపిస్తుంది. 5000 ఎంఏహెచ్ ఇప్పుడు కనీసం. ఇదే ధరలో 6000 దాటినవీ వస్తున్నాయి. శ్రీవారి ఆలయంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో అప్పగించాలి. అప్పగించే ముందు స్విచాఫ్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అయితే ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఆండ్రాయిడ్ ఫోన్ ఆపి ఆన్ చేస్తే మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, పిన్ నంబర్ కొట్టాలి. రోజూ వేలితోనే తెరిచేవాళ్లకు ఆ పిన్ గుర్తుండదు. ఐదారుసార్లు తప్పు కొడితే ఫోన్ కాసేపు తాళం వేసుకుంటుంది, జనంలో తప్పిపోతే ఇంటివాళ్లకు కాల్ చేసే దారి ఉండదు. బయల్దేరే ముందే పిన్ ఒకసారి కొట్టించి చూడండి.

స్క్రీన్‌కి ఇంకో సంగతి. తెలుగు చదివేవాళ్లకు రిజల్యూషన్ ఇంగ్లీషు వాళ్లకంటే ఎక్కువ అవసరం. 6.7 అంగుళాల స్క్రీన్ హెచ్‌డీ ప్లస్ అయితే అంగుళానికి 262 చుక్కలు, ఫుల్ హెచ్‌డీ ప్లస్ అయితే 393. ఇంగ్లీషు అక్షరాలకు 262 సరిపోతుంది. మనకు ధకీ థకీ తేడా మధ్యలో ఒక్క చుక్క, పకీ ఫకీ తేడా కింద చిన్న గీత. రాష్ట్రం, లక్ష్మి వంటి మాటల్లో అక్షరం కింద అక్షరం పేరుకుంటుంది. చాలా అమోలెడ్ స్క్రీన్లలో ఒక్కో చుక్కకి మూడు రంగు గింజలకు బదులు రెండే ఉంటాయి, కాబట్టి హెచ్‌డీ ప్లస్ అమోలెడ్‌లో అంచులు మరీ బరకగా వస్తాయి. షోరూంలో తెలుగు పేపర్ ఈపేపర్ పేజీ తెరిచి, జూమ్ చేయకుండా చిన్న అక్షరాల వార్త చదివి చూడండి. నాన్నకో అమ్మకో కొంటుంటే వాళ్లనే వెంట తీసుకెళ్లి చదివించండి. 120 హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకు 120 సార్లు మారడం) బాగుంటుంది, కానీ 120 హెర్ట్జ్ హెచ్‌డీ కంటే 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మేలని నేను గట్టిగా చెప్తాను. వంపు స్క్రీన్ల జోలికి పోవద్దు. టెంపర్డ్ గ్లాస్ సరిగా అంటదు, పగిలితే మార్చడానికి ఎక్కువవుతుంది.

నెట్‌వర్క్ బ్యాండ్లు, అంటే ఫోన్ ఏయే తరంగాలు పట్టుకోగలదన్నది, ఎవరూ అడగరు, అడగాలి. జియో 5జీ స్టాండలోన్ (4జీ ఆసరా లేని) పద్ధతిలో ఎన్28, ఎన్78 బ్యాండ్ల మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులో 4జీ ఆసరాతో నడిచే ఎన్ఎస్ఏ పద్ధతిలో మొదలుపెట్టింది. ఫోన్ రెండు పద్ధతులకూ పనికిరావాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, దూరం పోతుంది, గోడలు దాటుతుంది. తిరుపతి టౌన్లో ఎన్78తో వేగం వస్తుంది గానీ, పలమనేరు, కుప్పం వైపు ఊళ్లలో టవర్ దూరంగా ఉన్నచోట ఇంటి లోపల కాల్ నిలబెట్టేది 700. బీఎస్ఎన్ఎల్ 4జీ వాడేవాళ్లు 4జీ బ్యాండ్లలో బీ28, బీ1 రెండూ ఉన్నాయా అని చూసుకోవాలి. బీ28 లేని ఫోన్‌లో బీఎస్ఎన్ఎల్ సిమ్ వేసి సిగ్నల్ లేదని టవర్‌ని తిట్టి లాభం లేదు. ఇవన్నీ కంపెనీ స్పెసిఫికేషన్ల పేజీ అడుగున ఉంటాయి. అక్కడే "4జీ క్యారియర్ అగ్రిగేషన్" (ఒకటికి మించి బ్యాండ్లు కలిపి వాడడం) ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే సాయంత్రం రద్దీ వేళ ఒకే బ్యాండ్ మీద ఇరుక్కుంటారు.

ఇక చిన్న కోతలు, కానీ రోజూ గుచ్చేవి. మొదటిది ప్రాక్సిమిటీ సెన్సార్. కాల్ మాట్లాడేటప్పుడు స్క్రీన్ ఆపేది ఇదే. ఖర్చు మిగల్చడానికి అసలు సెన్సార్ తీసేసి, స్పీకర్ శబ్దంతోనో కదలికతోనో ఊహించే సాఫ్ట్‌వేర్ పెడుతున్నారు. దాంతో మాట్లాడుతుండగా చెంప తగిలి మ్యూట్ పడుతుంది, కాల్ హోల్డ్‌లోకి పోతుంది. డెమో ఫోన్‌తో కాల్ చేసి, చెవి దగ్గర పెట్టి రెండుసార్లు దూరం, దగ్గర చేసి, పక్కవాళ్లను స్క్రీన్ చూడమనండి. రెండోది కంపాస్. మ్యాప్స్‌లో నీలం చుక్క ముందు దారి చూపే కాంతి మీరు నిలబడి తిరిగినప్పుడు మీతో తిరగాలి. అది లేని ఫోన్‌తో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో నడుస్తూ అడ్రస్ వెతికితే ఎటు తిరగాలో పది అడుగులు వేస్తే గానీ తెలియదు. మూడోది వైడ్‌వైన్, అంటే ఓటీటీ వీడియోలు కాపీ కాకుండా కాపాడే తాళం. ఎల్1 ఉండాలి, ఎల్3 అయితే ఓటీటీలో సినిమా 480పీ దగ్గరే ఆగిపోతుంది. వేలిముద్ర సెన్సార్ పక్క బటన్‌లో ఉన్నదే ఈ ధరలో నమ్మకం. స్క్రీన్ లోపలి చవక ఆప్టికల్ సెన్సార్ మండుటెండలో, చెమట చేతికి, మందపాటి టెంపర్డ్ గ్లాస్ కింద మొరాయిస్తుంది.

కెమెరాకి ఎక్కువ చెప్పను. మెగాపిక్సెళ్లు వదిలేయండి, 108 అన్నా ఫోటో 12కే వస్తుంది. ఓఐఎస్ (చేతి వణుకుని లెన్స్ కదలికతో సర్దే ఏర్పాటు) ఉన్న ఒక్క మంచి మెయిన్ కెమెరా చాలు. 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ కెమెరాలు లెక్క కోసం పెట్టినవి. ఓఐఎస్ ఉన్న ఫోన్‌ని బైక్ హ్యాండిల్ హోల్డర్‌లో రోజూ బిగించకండి, ఇంజన్ అదురుకి లోపలి లెన్స్ కదలిక దెబ్బతింటుంది.

సాఫ్ట్‌వేర్‌లో అడగాల్సింది ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారని. ఇది ఒకప్పుడు ఖరీదైన ఫోన్లకే ఉండేది. ఇప్పుడు శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీకి 6 ఏళ్లు ప్రకటించింది, కాబట్టి మిగతావాళ్లు రెండేళ్లు అంటే ఒప్పుకోనక్కర్లేదు. యూపీఐ, బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌లకు మద్దతు ఆపుకుంటూ వస్తాయి. ప్రకటనల బెడద ఉన్న ఫోన్లలో లాక్‌స్క్రీన్ మీద ప్రకటనలు చూపే గ్లాన్స్, "హాట్ యాప్స్" ఫోల్డర్లు కొన్న రోజే ఆపేయండి. తీసేయడానికి వీలివ్వని యాప్‌లను చాలావరకు డిసేబుల్ చేయొచ్చు.

కొనేటప్పుడు పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. ఏడాది దాటినదైతే బ్యాటరీ అన్నాళ్లూ అలమారలో పడి ఉన్నట్టు, ధర తగ్గించమని అడగొచ్చు. కొన్ని పెట్టెల మీద శ్రీసిటీ అడ్రస్ కనిపిస్తుంది. ఫాక్స్‌కాన్ అక్కడ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది, అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. మన దగ్గర తయారైందని చూసి సంతోషమే గానీ, రిపేరుకు దాంతో సంబంధం లేదు. దానికి ఆ కంపెనీ అధికారిక సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూడాలి. చిత్తూరు నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు, రిపేరుకి రెండుసార్లు తిరిగితే రెండు రోజుల పని పోతుంది. సెంటర్‌కి ముందే ఫోన్ చేసి ఆ మోడల్ స్క్రీన్ మార్చడానికి ఎంతవుతుందో అడగండి. ఫోన్ ధరలో మూడో వంతు దాటితే నేనైతే ఆ మోడల్ వదిలేస్తాను.

బిల్లు జీఎస్టీతోనే తీసుకోండి. ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం, అంటే 20 వేల ఫోన్లో సుమారు 3,050 రూపాయలు పన్నే. జీఎస్టీ నంబరున్న వ్యాపారులు దుకాణం పనికి కొంటే నంబరు వేయించుకుని ఆ మేరకు క్రెడిట్ అడగొచ్చు, ఆడిటర్‌ని కనుక్కోండి. "నో కాస్ట్ ఈఎంఐ"లో వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు విడిగా పడతాయి, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. డబ్బు కట్టే ముందు కౌంటర్ దగ్గరే పెట్టె తెరిపించి *#06# కొట్టి, వచ్చిన ఐఎంఈఐ నంబర్లు (ఫోన్ గుర్తింపు నంబర్లు) పెట్టె మీద, బిల్లు మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో మెట్టు: ఇంగ్లీషులో KYM అని టైప్ చేసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కి మెసేజ్ పంపండి. ఫోన్ బ్లాక్ అయి ఉన్నట్టో, మీ చేతిలో ఉన్న మోడల్ కాక వేరే పేరో వస్తే డబ్బు ఇవ్వకుండా వచ్చేయండి.